పక్కవాద్యం ఎవరిది?



వంటిల్లు సర్దుకుని కాసేపు నడుం వాల్చుదామనుకునే వేళ ఇది. ఇలాంటి వేళ వయొలిన్, పియానో, దొరల సంగీతం అని మొదలుపెడితే "మనకెందుకమ్మా ఆ గొడవ" అని మీకు అనిపించవచ్చు. నేనూ ఒకప్పుడు అలా అనుకున్నదాన్నే. రేడియోలో ఆ రెండు వాద్యాలూ కలిసి వినిపిస్తే చాలు, స్టేషను మార్చేసేదాన్ని. ఎవరి దారిన వారు వాయించుకుంటున్నట్టు వుండేది నాకు.

కిందటేడు నాగర్‌కర్నూలులో బంధువుల ఇంటికి వెళ్ళాను. ఆ ఇంటి అమ్మాయికి పన్నెండేళ్ళు. ఫిడేలు నేర్చుకుంటానని పట్టుపట్టి కూర్చుంది. వాళ్ళమ్మ నాతో అన్నది కదా, "చూడండి వదినా, పాట నేర్చుకోవే అంటే వినదు. ఫిడేలు పక్కవాద్యమే కదా! బ్రతుకంతా ఇంకొకరి పక్కన కూర్చుని వాయించడానికి ఇంత కష్టపడాలా? ఆడపిల్లకు ఎలాగూ తప్పని పనే కదా అది, దానికి మళ్ళీ గురువు కూడానా!"

నవ్వుతూనే అంది గాని, ఆ మాట నాకు గుచ్చుకుంది. అప్పుడు జవాబు తోచలేదు. ఇంటికి వచ్చాక పుస్తకాలు తిరగేశాను, పాటలు విన్నాను. వయొలిన్, పియానోల జంట చరిత్ర అంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరిగిందని తెలిశాక ఆశ్చర్యమేసింది. ముందు ఎవరు, పక్కన ఎవరు? ఆ కథే ఇవాళ మీకు చెబుతాను.

ముందుగా మన గద్వాల చీరను ఒకసారి తలుచుకోండి. ఒడలంతా నూలు. అంచూ, కొంగూ పట్టు. రెండు పోగుల స్వభావమూ వేరు. నూలు చెమట పీల్చుకుంటుంది, పట్టు మెరుస్తుంది. ఒకటి కట్టుకోవడానికి సుఖం, ఒకటి చూడడానికి అందం. నేతగాడు వాటిని సూదితో అతకడు. మగ్గం మీదే నూలు పోగునూ పట్టు పోగునూ ఒకదానితో ఒకటి పెనవేసి నేస్తాడు. ఆ కలిపే చోటే గద్వాల నేతలోని పనితనం. అది సరిగా లేకపోతే ఎంత మంచి పట్టయినా అంచు చిరుగుతుంది.

వయొలిన్, పియానో కూడా అటువంటి రెండు వేర్వేరు పోగులే. ఎలాగో చూద్దాం.

వీణకు మెట్లున్నాయి. ఫిడేలుకు లేవు. వేలు ఎక్కడ ఆనిస్తే అక్కడ స్వరం పలుకుతుంది. ఒక స్వరం మీంచి ఇంకో స్వరం మీదికి జారవచ్చు, ఊపవచ్చు. కమాను లాగుతున్నంతసేపూ నాదం వుంటుంది, కావాలంటే పెంచవచ్చు, తగ్గించవచ్చు. మనిషి గొంతుకు అంత దగ్గరగా వచ్చే వాద్యాలు తక్కువ.

పియానో సంగతి వేరు. మీట నొక్కగానే లోపల చిన్న సుత్తి వచ్చి తీగను కొడుతుంది. కొట్టిన క్షణమే నాదం గట్టిగా వుంటుంది, తర్వాత సన్నగిల్లుతూ పోతుంది. స్వరాన్ని ఊపడానికీ, జార్చడానికీ వీలు లేదు. ఏ మీటకు ఏ స్వరమో ముందే బిగించేశారు. మరి దాని గొప్ప ఏమిటి? పది వేళ్ళతో పది స్వరాలు ఒక్కసారిగా పలికించవచ్చు. ఒక చెయ్యి పాట వాయిస్తుంటే రెండో చెయ్యి దానికి తోడు నడుస్తుంది. ఇంటెడు సంసారాన్ని ఒక్క మనిషి చక్కబెట్టినట్టే అనుకోండి.

మన దగ్గర పియానో వున్న ఇళ్ళు తక్కువ. కాని దాని చుట్టం మనకు బాగా తెలుసు. హార్మోనియం! మన పాలమూరు వైపు భజనల్లో, చిరుతల రామాయణంలో, పద్యనాటకాల్లో అది లేనిదే గడవదు. 1885లో మొదలైన సురభి వారి నాటకాలు చూసినవారికి చెప్పనక్కరలేదు. నటుడు పద్యం చివర రాగం అందుకుంటే హార్మోనియం వాయించేవారు అతని వెంటే పరుగెత్తి, అతను ఊపిరి తీసుకునే సందు కూడా కనబడకుండా నింపేస్తారు. 1840 ప్రాంతాల పారిస్‌లో పుట్టిన ఈ వాద్యాన్ని, నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి వూదుకుంటూ వాయించే పెట్టెగా 1875 ప్రాంతంలో కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ మార్చారు.

ఫిడేలు కూడా పరాయి దేశం నుంచి వచ్చిందే. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసు దగ్గర మణలిలో ఒక ఐరోపా విద్వాంసుడి దగ్గర దాన్ని నేర్చుకుని మన సంగీతానికి మలిచారు. నిలబడి గడ్డం కింద పెట్టుకునే వాద్యాన్ని మనవాళ్ళు కింద కూర్చోబెట్టి, దాని తల చీలమండ మీద ఆనించి, తీగలను స-ప-స-ప అని శ్రుతి చేసుకున్నారు. రెండు వందల ఏళ్ళలో అది పరాయిదన్న మాటే మరిచిపోయాం.

హార్మోనియానికి మాత్రం ఆ మర్యాద దక్కలేదు. తోడి రాగంలో గాంధారం ఊగుతుంది. ఆ ఊగడమే తోడికి ప్రాణం. మీట మీద అది రాదు. గమకం పలకదు, స్వరాలు బిగించినట్టుంటాయి అన్న కారణంతో 1940 మార్చి నుంచి ఆకాశవాణి హార్మోనియాన్ని బయట పెట్టింది. రవీంద్రనాథ్ టాగూరు వంటివారికి కూడా ఆ వాద్యం గిట్టేది కాదు. 1971లో గాని ఆ కట్టడి సడలలేదు. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు! రేడియోలో లేకపోయినా ఇళ్ళల్లో, గుళ్ళల్లో, నాటకాల పందిళ్ళల్లో అది వుండనే వుంది.

అంటే మన దగ్గర ఫిడేలు లోపలికి వచ్చింది, మీటల వాద్యం గడప దగ్గర ఆగిపోయింది. ఐరోపాలో కథ సరిగ్గా దీనికి తలకిందులు. అక్కడ మొదట యజమాని మీటల వాద్యం, పక్కవాద్యం ఫిడేలు!

దీనికి కారణం చెబితే మీకు సరదాగా వుంటుంది. పద్దెనిమిదో శతాబ్దంలో అక్కడి కలవారి ఇళ్ళల్లో ఆడపిల్లలకు మీటల వాద్యం నేర్పడం మర్యాద. కుదురుగా కూర్చుని వాయించవచ్చు కదా. వయొలిన్ మాత్రం ఆడవాళ్ళకు తగదనేవారు. గడ్డం కింద పెట్టుకుని, చెయ్యి చాపి కమాను లాగడం చూడడానికి బాగుండదట! కనుక ఇంట్లో పియానో అమ్మాయిది, వయొలిన్ అన్నదో, పెళ్ళిచూపులకు వచ్చిన పెద్దమనిషిదో. అమ్మాయి రోజూ సాధన చేస్తుంది. ఆ పెద్దమనిషికి తీరిక తక్కువ. అందుకని అచ్చువేసేవారు పియానో భాగం గట్టిగా, వయొలిన్ భాగం తేలిగ్గా వుండే రచనలు అడిగి రాయించుకునేవారు. పుస్తకం అట్ట మీద "మీటల వాద్యానికి, వయొలిన్ తోడుగా" అని వుండేది. కొన్నిటికి వయొలిన్ లేకపోయినా నష్టం లేదు.

ఈ రచనలను సొనాటా అంటారు. ఇటలీ భాషలో "వాయించేది" అని అర్థం. "పాడేది" అయితే కంటాటా. మామూలుగా ఒక సొనాటాలో మూడో నాలుగో భాగాలుంటాయి. మొదటిది చురుగ్గా, నడిమిది నెమ్మదిగా, చివరిది హుషారుగా వుంటుంది. మొదటి భాగంలో ఎక్కువగా రెండు పాటలు వస్తాయి. రెంటికీ గుణం వేరు. మన కచేరీలో మొదటి నుంచి చివరిదాకా ఒకే షడ్జమం. అక్కడ షడ్జమమే ఇల్లు మారుతుంది. పాటలు రెండూ ఊళ్ళు తిరిగి, వాదులాడుకుని, చివరకు బయలుదేరిన ఇంటికే చేరతాయి. ఆ చేరిన క్షణం పట్టుకోగలిగితే సొనాటా వినడం సగం వచ్చినట్టే.

రెంటికీ సమానంగా పని చెప్పినవాడు జర్మనీ దేశపు బాహ్. ఆయనకు ముందు తరంలో మీటల వాద్యం వాయించేవారికి కింది స్వరం మాత్రం రాసి, పైన అంకెలు వేసి ఇచ్చేవారు. మిగతాది వారు అప్పటికప్పుడు అల్లుకోవాలి. బాహ్ తన ఆరు సొనాటాలలో ఆ పద్ధతి మార్చాడు. కుడిచేతికి ఒక పాట, ఎడమచేతికి ఒక పాట, వయొలిన్‌కు ఒక పాట, మూడూ తానే పూర్తిగా రాశాడు. ముగ్గురు తోడికోడళ్ళు ఒకే వంటింట్లో ఒకరికొకరు అడ్డం రాకుండా తిరుగుతున్నట్టు వుంటుంది. ఆయన రోజుల్లో ఇంకా హార్ప్సికార్డే. దానిలో సుత్తి వుండదు, ఈక ములుకు తీగను మీటుతుంది. గట్టిగా నొక్కినా మెల్లగా నొక్కినా ఒకటే నాదం. గట్టిగానూ మెల్లగానూ పలికే పియానోను 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫోరి తయారుచేశాడు గాని, ఇళ్ళల్లోకి రావడానికి చాలా కాలం పట్టింది.

తర్వాత మోజార్ట్. ఎనిమిదేళ్ళ పిల్లవాడుగా 1764లో పారిస్‌లో అచ్చువేసిన మొదటి పుస్తకంలో వున్నవి ఇలాంటి సొనాటాలే. వయొలిన్ అక్కడ వున్నా లేకున్నా ఒకటే. ఆ పిల్లవాడికి నన్నెర్ల్ అని ఒక అక్క. అతనికంటే నాలుగున్నరేళ్ళు పెద్ద. మీటల వాద్యం అద్భుతంగా వాయించేది. ఇద్దరినీ తండ్రి ఐరోపా అంతా తిప్పి వాయింపించాడు. పద్దెనిమిదేళ్ళు వచ్చేసరికి అక్కను ఇంట్లో కూర్చోబెట్టారు. తమ్ముడు మాత్రం ఇటలీ ప్రయాణమయ్యాడు. ఈ కథ మన ఇళ్ళల్లో మనకు తెలియనిదా?

1778లో మోజార్ట్ తల్లిని వెంటబెట్టుకుని పారిస్ వెళ్ళాడు. జూలై 3న ఆ తల్లి అక్కడే చనిపోయింది. కొడుకుకు ఇరవైరెండేళ్ళు. ఆ ఏడాదే అతను రాసిన ఒక చిన్న సొనాటా వుంది, దాని వరుస సంఖ్య 304. రెండే భాగాలు. మొదలుపెట్టడమే వయొలిన్, పియానో ఒకే పాటను కలిసి వాయిస్తాయి. తోడు లేదు, అలంకారం లేదు. రెండో భాగంలో పియానో ఒక్కటే మెల్లగా పాట ఎత్తుకుంటుంది, తర్వాత వయొలిన్ అందుకుంటుంది. మధ్యలో కాసేపు స్వరం మారి మబ్బు విడినట్టు వుంటుంది, మళ్ళీ మొదటి దిగులే. పక్కవాద్యం అన్న మాట ఇక్కడ చెల్లదు. మీరు ఒక్కటే వినదలిస్తే దీనితో మొదలుపెట్టండి.

ఆరేళ్ళ తర్వాత, 1784లో ఇటలీ నుంచి రెజీనా స్ట్రీనాసాకీ అనే యువతి వియన్నా వచ్చింది. ఆడవాళ్ళకు తగదన్న వయొలిన్‌నే ఆమె వాయించేది! ఆమె వాయింపులో రుచీ, భావమూ ఎంతో వున్నాయని మోజార్ట్ తండ్రికి ఉత్తరం రాశాడు. ఆమెతో కలిసి వాయించడానికి ఒక కొత్త సొనాటా మొదలుపెట్టాడు. తీరా కచేరీనాటికి ఆమె భాగం రాయడానికే సమయం సరిపోయింది. చక్రవర్తి ఎదుట మోజార్ట్ తన ముందు దాదాపు ఖాళీ కాగితాలు పెట్టుకుని మనసులోంచే వాయించేశాడని చెబుతారు. ఆ రాతప్రతి ఇప్పటికీ వుంది. పియానో భాగం వేరే రంగు సిరాతో, సందుల్లో ఇరికించి రాసి వుంది. ఆయనంతటివాడు ముందు తన భాగం రాసుకోలేదు. పక్కనున్న అమ్మాయి భాగం రాశాడు!

బెథోవెన్ ఇటువంటివి పది రాశాడు. అందులో తొమ్మిదోది "క్రాయిట్జర్" అని పేరుపడింది. 1803 మే 24న పొద్దున్నే వియన్నాలో మొదటిసారి వాయించారు. వయొలిన్ వాయించింది బ్రిడ్జ్‌టవర్ అనే నల్లజాతి తండ్రికి పుట్టిన విద్వాంసుడు. తర్వాత ఇద్దరికీ ఏదో మాట పట్టింపు వచ్చి, బెథోవెన్ ఆ రచనను పారిస్‌లోని క్రాయిట్జర్ పేర అంకితం చేశాడు. ఆ క్రాయిట్జర్ దాన్ని ఒక్కసారి కూడా జనం ముందు వాయించలేదు. పేరు మాత్రం ఆయనకే మిగిలింది! ఈ రచన వయొలిన్ ఒక్కదానితోనే మొదలవుతుంది. తేటగా, నాలుగే చరణాలు. తర్వాత పియానో అదే మాట తిరిగి అంటుంది గాని, స్వరం నల్లబడుతుంది. అక్కడినుంచి ఇద్దరూ సమ ఉజ్జీలుగా తలపడతారు. దీన్ని వింటూ కూరలు తరగకండి, వేలు తెగుతుంది!

ఇక మీకు చెప్పాలని నేను దాచుకున్న కథ క్లారా షూమన్‌ది. 1819లో పుట్టింది. చిన్ననాటినుంచీ పియానోలో పేరుపొందిన విదుషి. భర్త రాబర్ట్ షూమన్ గొప్ప స్వరకర్త. ఎనమండుగురు పిల్లలు. భర్త రాసుకునేటప్పుడు చప్పుడు కాకూడదని ఆమె సాధన మానుకోవలసి వచ్చేది. ఇరవై ఏళ్ళ వయసులోనే, ఆడది స్వరరచన చెయ్యాలని కోరుకోకూడదని తన దినచర్యలో రాసుకుంది పాపం. తర్వాత డ్యూసెల్‌డార్ఫ్‌లో ఇల్లు మారారు. ఆ కొత్త ఇంట్లో భర్తకు వినబడకుండా వాయించుకోవడానికి ఆమెకు వేరే గది దొరికింది. 1853 వేసవిలో ఆమె వయొలిన్, పియానోలకు మూడు "రొమాన్సులు" రాసింది, యొవాకిమ్ అనే వయొలిన్ విద్వాంసుడికి అంకితమిచ్చింది. ఒక గది, ఒక తలుపు. అంతే కావలసి వచ్చింది!

మరుసటి ఏడాదే భర్త మతి చెడి ఆస్పత్రి పాలయ్యాడు. 1856లో పోయాడు. ఆ తర్వాత ఆమె రాయడం దాదాపు మానేసింది. ఊరూరా కచేరీలు చేసి పిల్లలను పెంచింది. ఆ మూడు రొమాన్సులూ ఈనాటికీ వాయిస్తున్నారు. వాటిలో పియానో ఒక్కచోట కూడా గొంతు పెంచదు. వయొలిన్ పాటను నీళ్ళమీద పడవలా మోస్తూ వుంటుంది. కాని పియానో తీసేసి చూడండి, పడవ కింద నీళ్ళు లేనట్టే.

చివరగా ఒకటి. 1886లో ఫ్రాంక్ అనే ఆయన, ఇజాయీ అనే వయొలిన్ విద్వాంసుడి పెళ్ళికి కానుకగా ఒక సొనాటా రాసి ఇచ్చాడు. చివరి భాగంలో పియానో ఒక పాట ఎత్తుకుంటుంది. ఒక్క అడుగు వెనకగా వయొలిన్ అదే పాట అందుకుంటుంది. మన భజనలో ఒకరు అంటుంటే ఇంకొకరు అందుకున్నట్టు. తర్వాత ముందున్నవారు వెనక్కి, వెనకున్నవారు ముందుకు. పెళ్ళి కానుకకు అంతకంటే మంచి పాట ఏముంటుంది చెప్పండి?

వినడానికి పెద్ద చదువు అక్కరలేదు. ఇవాళ ఇవన్నీ ఫోనులోనే దొరుకుతున్నాయి. మొదటిసారి వయొలిన్ మాత్రమే వినండి. రెండోసారి పియానో ఎడమచెయ్యి, అంటే కింది స్వరాలు వినండి. మూడోసారి ఇద్దరూ కలిసే చోటు వెతకండి. గద్వాల చీర కొనేటప్పుడు అంచు కలిసిన చోట వేలితో తడిమి చూస్తాం కదా, అలాగే. వయొలిన్ సాగదీసిన స్వరాన్ని పియానో సాగదీయలేదు, కనుక అది చిన్నచిన్న స్వరాలుగా విడగొట్టి నింపుతుంది. పియానో ఒకేసారి పలికే పది స్వరాలు వయొలిన్ పలకలేదు, కనుక అది వాటి మీదుగా ఒక్క గీత గీస్తుంది. ఒకరికి లేనిది ఇంకొకరి దగ్గర వుండడం వల్లనే ఆ జోడీ కుదిరింది.

వనపర్తిలో మా మేనత్త ఇంట్లో అటక మీద ఒక హార్మోనియం వుండేది. పెళ్ళికి ముందు భజనలకు ఆవిడే వాయించేదట. కాపురానికి వచ్చాక ఆ పెట్టె తెరవలేదు. ఎవరూ వద్దనలేదు, "వాయించు" అని కూడా ఎవరూ అనలేదు. ఆవిడ పోయాక దింపి చూస్తే తిత్తి చిల్లులు పడి వుంది. మీటలు మాత్రం తెల్లగా వున్నాయి.

ఇప్పుడు నాగర్‌కర్నూలు వదినగారికి నా జవాబు. అమ్మా, ఫిడేలు పక్కవాద్యమే. కాని మన ద్వారం వెంకటస్వామినాయుడుగారు, విజయనగరం సంగీత కళాశాలలో పాఠాలు చెప్పిన ఆ మహానుభావుడు, 1938లో వెల్లూరులో ఆ ఫిడేలుతోనే ఒంటరిగా కచేరీ చేసి, అది ముందు కూర్చోగలదని చూపించారు. ఆ విజయనగరంలోనే పుట్టిన అవసరాల కన్యాకుమారిగారు ఎం.ఎల్. వసంతకుమారిగారి పక్కన ఏళ్ళ తరబడి వాయించారు. 2016లో మద్రాసు సంగీత అకాడమీ ఆవిడకు సంగీత కళానిధి ఇచ్చింది. వయొలిన్ వాయించే స్త్రీకి ఆ బిరుదు రావడం అదే మొదలు. పక్కన కూర్చున్నది తక్కువైనందుకు కాదు. ముందున్నవారి ప్రతి ఊపిరీ వింటూ, వారు తడబడితే నిలబెట్టడం అందరికీ చేతనయ్యే పని కాదు.

అయితే ఒక మాట. పక్కన వుండడం ఆ పిల్ల తానుగా ఎంచుకున్నదై వుండాలి. ఎదుటివారు కూడా ఆమె పాట వినేవారై వుండాలి. మోజార్ట్ ఆ ఇటలీ అమ్మాయి భాగం ముందు రాసినట్టు. అంతవరకూ చూడవలసిన బాధ్యత తల్లులుగా మనదే. పిల్లకు ఫిడేలు కొనిపెట్టండి. సాధనకు ఒక గది, గది లేకపోతే ఒక మూల, రోజుకొక గంట ఇవ్వండి. ఆ గంటలో నీళ్ళు తెమ్మని, తమ్ముణ్ణి ఎత్తుకోమని పిలవకండి.

మీ ఇంట్లో అటక మీద హార్మోనియం వుంటే ఈ ఆదివారం దింపండి. దుమ్ము దులిపి, తిత్తి బాగుందో లేదో చూడండి. వేళ్ళు మొదట మొరాయిస్తాయి. మొరాయించనివ్వండి. నాలుగు రోజుల్లో అవే గుర్తు తెచ్చుకుంటాయి.